డొంకదారిలో థోరో

హెన్రీ డేవిడ్ థోరో అనగానే అందరికీ "వాల్డెన్" గుర్తొస్తుంది. చెరువు పక్కన చిన్న ఇల్లు, బీన్స్ సాళ్ళు, ఏకాంతం. ఉద్యోగం మానేసి ఊరెళ్ళి వ్యవసాయం చేద్దామనుకునే ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ డెస్క్ మీదా ఆ పుస్తకం ఒకటి ఉంటుంది, సాధారణంగా ముప్ఫయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్‌తో. దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేనిక్కడ దాని జోలికి పోను. ఆయన రాసిన రెండు వ్యాసాల గురించి మాట్లాడతాను. ఒకటి "వాకింగ్". రెండోది "ఆటమ్నల్ టింట్స్". మొదటిది 1862 జూన్‌లో, రెండోది అదే ఏడాది అక్టోబర్‌లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వచ్చాయి. అచ్చులో చూసుకోడానికి ఆయన లేడు. మే 6న క్షయతో పోయాడు. వయసు 44.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, శరత్కాలంలో ఎవరూ పట్టించుకోని ఒక దారి వెంట నడిచే మనిషి కనపడతాడు. మొదటి వ్యాసం దారి గురించి, రెండోది ఆ దారి పక్కన ఉన్నవాటి గురించి. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: ఈ మనిషిని తెలుగులోకి తీసుకురావాలంటే ఏ దారిలో నడిపించాలి? ఏ ఋతువులో?

చూడ్డానికి అనువాదకుల ఇబ్బందిలా ఉంటుంది గానీ ఇది అంతకంటే పెద్ద విషయం. మన కవిత్వంలో కొంత భాగం మన కళ్ళతో చూసి రాసింది కాదని నా అనుమానం. ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకోడానికి థోరో బాగా పనికొస్తాడు.

పాత దారి

"వాకింగ్" మధ్యలో ఓల్డ్ మార్ల్‌బరో రోడ్ మీద ఒక పద్యం ఉంటుంది. థోరో ఊరు కాంకర్డ్ నుంచి మార్ల్‌బరో వైపు పోయే పాత బాట అది. బాగుచేసేవాళ్ళు లేరు, నడిచేవాళ్ళు అంతకన్నా లేరు. పేరులో ఉన్న ఊరికి అసలది చేరుస్తుందా అని ఆయనకే అనుమానం. అయినా, కాదు అందుకే, దాని మీద ఆయనకి ప్రేమ. పద్యంగా చూస్తే గొప్పదేం కాదు. ప్రాసల కోసం తిప్పలు పడ్డాడు. కానీ వ్యాసం మొత్తానికి ఇరుసు అక్కడే ఉంది.

థోరో దృష్టిలో మంచి దారికి మూడు లక్షణాలుండాలి. అది ఎక్కడికో తొందరగా చేర్చేది కాకూడదు. దాని పక్కన ఎవరి కంచె ఉండకూడదు. దాని మీద ఎవరికీ లాభం రాకూడదు. ఈ లెక్కన మంచి దారంటే పాడుబడిన దారే. రోడ్లు గుర్రాలకీ వ్యాపారస్తులకీ పనికొస్తాయి, తనకి కాదంటాడు.

ఇదంతా చెప్తున్నది వృత్తిరీత్యా ఎవరో గుర్తుపెట్టుకోవాలి. థోరో ల్యాండ్ సర్వేయర్. పొలాలూ వనాలూ కొలిచి హద్దులు గీసి డబ్బు తీసుకునేవాడు. 1846లో వాల్డెన్ చెరువు లోతు కొలిచి పటం గీశాడు: 102 అడుగులు. కుటుంబానికి పెన్సిళ్ళ వ్యాపారం ఉంటే గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపే పద్ధతిని మెరుగుపరిచాడు. మనం చెప్పుకునే అర్థంలో ఆయన ఇంజనీరే. పగలు తాను గీసిన హద్దుల్ని సాయంత్రం నడుస్తూ తిట్టుకునే మనిషి. ఒకరోజు ఈ భూమి అంతా కొద్దిమంది విహారస్థలాలుగా పంచుకుంటారు, కంచెలేస్తారు, మామూలుగా నడవడం కూడా ఆక్రమణ కింద లెక్కేస్తారు అని "వాకింగ్"లో హెచ్చరిస్తాడు. గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకుంటూ ఆ పేరా చదివితే వచ్చే ఇబ్బంది మామూలుగా ఉండదు. నేను ఉంటున్నది అలాంటిదాంట్లోనే.

ఇప్పుడు తెలుగు సంగతి. ఓల్డ్ మార్ల్‌బరో రోడ్‌ని ఏమనాలి? "పాత రహదారి" అంటే జాతీయ రహదారి గుర్తొస్తుంది. "శిథిల మార్గం" అంటే ఏదో కోటలోకి పోతున్నట్టుంటుంది. మనకి ఇంతకన్నా మంచి మాటలున్నాయి. ఒకటి డొంక. రెండువైపులా తుప్పలు కమ్ముకున్న బండిదారి డొంక. ఆ తుప్పలదీ అదే పేరు. తీగ లాగితే కదిలే డొంక ఇదే. దారికీ, దారిని మింగేసే పొదకీ ఒకే మాట పెట్టుకున్న భాష మనది. గుంటూరులో డొంకరోడ్డు అని ఒక రోడ్డే ఉంది. ఆ పేరు విన్నప్పుడల్లా ఒక దారి మీద ఇంకో దారి పరిచినట్టుంటుంది.

రెండోది గోదావరి జిల్లాల పుంత. ఊళ్ళ మధ్య, పొలాల మధ్య మనుషులూ పశువులూ బళ్ళూ పోయే పాత బాట. అమ్మవారికి పుంతలో ముసలమ్మ అని పేరు పెట్టుకున్నది కూడా ఆ బాట మీదే. తమాషా ఏంటంటే, ఈ మాటని ఇప్పుడు ఎక్కువగా వాడేది మనలాంటి సమీక్షకులం. ఫలానా రచయిత కథని "కొత్త పుంతలు తొక్కించాడు" అని రాస్తాం. పుంత అంటే ఏంటో తెలిసినవాడికి ఆ వాక్యం వింతగా ఉంటుంది. పుంత కొత్తది కాదు, ఎవరో ఎప్పుడో తొక్కగా ఏర్పడ్డది. థోరోకి కావాల్సింది ఇదే కదా: కొత్త దారి కాదు, జనం మర్చిపోయిన పాతది. కొత్త పుంతలు తొక్కడం అనే జాతీయాన్ని కాస్త పక్కనపెట్టి, పాత పుంతలు వెతకడం అని ఎవరన్నా రాస్తే బావుండు.

శరత్తు అంటే ఏ కాలం?

దారి దొరికింది. ఋతువు దగ్గరే చిక్కు.

న్యూ ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ దాకా ఆకులు రంగు మారతాయి. పగలు తగ్గి చలి మొదలవగానే చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విరిచి వెనక్కి తీసుకుంటుంది. అప్పటిదాకా దాని కింద దాక్కున్న పసుపు బయటికొస్తుంది. మేపుల్‌లాంటి చెట్లు ఎరుపుని కొత్తగా తయారుచేసుకుంటాయి. ఆ తర్వాత ఆకులు రాలతాయి. ఆపైన మంచు. "ఆటమ్నల్ టింట్స్"లో థోరో ఈ వరసని ఒక్కో మొక్క దగ్గరా ఆగి చెప్తాడు: ఊదారంగు గడ్డి, ఎర్ర మేపుల్, ఎల్మ్, రాలిన ఆకులు, షుగర్ మేపుల్, చివర్న స్కార్లెట్ ఓక్.

నెలల ప్రకారం చూస్తే అది మన ఆశ్వయుజ కార్తీకాలు. అంటే శరత్తు. నిఘంటువు కూడా అదే చెప్తుంది. కానీ మన శరత్తులో ఆకులు రాలవు. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగినట్టయి, చెరువుల్లో నీళ్ళు తేటబడి, రెల్లు తెల్లగా పూసి, వెన్నెల కాసే కాలం మనకి శరత్తు. చెట్లు ఏడాదిలోకెల్లా పచ్చగా ఉండే రోజులవి. దక్కను అడవిలో ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, శిశిరంలో. అదీ చలికి కాదు, నీటి కరువుకి. నేలలో తడి ఆరిపోతుంటే చెట్టు నీళ్ళు కాపాడుకోడానికి ఆకుల్ని వదిలేస్తుంది.

కాబట్టి "ఆటమ్"ని శరత్తు అంటే నెల సరిపోతుంది, బొమ్మ పోతుంది. శిశిరం అంటే బొమ్మ సరిపోతుంది, నెల పోతుంది. "ఆకురాలు కాలం" అని తప్పించుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. అప్పుడు ఇంకోటి పోతుంది, అది అన్నిటికన్నా ముఖ్యమైనది. అక్కడ ఆకు రాలిన తర్వాత వచ్చేది మంచు, ఆర్నెల్ల మోడు. ఇక్కడ ఆకు రాలాక కొద్ది వారాలకే మోదుగ పూస్తుంది, మామిడి చిగురేస్తుంది, వేప పూతకొస్తుంది, ఉగాది వచ్చేస్తుంది. అక్కడ రాలిన ఆకు ముగింపుకి గుర్తు. ఇక్కడ అది పండక్కి ముందు ఇల్లు దులపడం లాంటిది.

ఇది తెలిశాక మన వచన కవితలు కొన్ని చదివితే కొంచెం నవ్వొస్తుంది. శరత్తులో రాలిన ఎండుటాకు, దాని మీద నడిచే చప్పుడు, పోయిన ప్రేయసి. కడపలోనో కరీంనగర్‌లోనో అక్టోబర్‌లో ఆ చప్పుడు వినాలంటే ఇంగ్లీషు కవిత్వంలో నడవాలి తప్ప నేల మీద నడిస్తే కుదరదు. ఆ కవుల మీద నాకు కోపం లేదు, వాళ్ళు పాఠ్యపుస్తకంలోని ఋతువులో పెరిగారు. మా తరం అయితే స్క్రీన్ సేవర్‌లోని ఋతువులో పెరిగింది.

అసలు తమాషా థోరో వ్యాసం మొదట్లోనే ఉంది. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు అమెరికా అడవి రంగులు చూసి ఆశ్చర్యపోతారు, ఎందుకంటే ఇంగ్లీషు కవిత్వంలో ఈ ప్రస్తావనే లేదు, వాళ్ళ చెట్లు ఇంతగా రంగు మారవు కాబట్టి అని మొదలుపెడతాడు. అంటే ఆయన చేసిన మొదటి పని తన భాషలో అరువొచ్చిన శరత్తుని పక్కనపెట్టి, తన ఊరి శరత్తుకి లెక్క రాయడం. మనం చేసింది దానికి సరిగ్గా తలకిందులు. ఆయన అరువు వద్దని రాసింది మనం అరువు తెచ్చుకున్నాం. థోరోని నిజంగా అనుసరించడమంటే మేపుల్ ఆకుల గురించి రాయడం కాదు, అవి లేని చోట ఏముందో చూడ్డం.

గునుగు

మరి ఏముంది? పోయిన ఆశ్వయుజంలో ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ శివార్లలో ఒక నేచర్ ట్రెయిల్‌కి వెళ్ళాను. ఎప్పుడో ఉత్సాహంగా వేసి, తర్వాత వదిలేసిన బాట. మొదట్లో ఒక ఆర్చి, దాని మీద సగం అక్షరాలు. లోపల చెట్టుకొక రేకు బోర్డు, దాని మీద చెట్టు పేరు, శాస్త్రీయ నామం. చాలా బోర్డులు తుప్పుపట్టాయి, కొన్నింటి ముందు చెట్టే లేదు, కొన్ని చెట్ల ముందు వేరే చెట్టు బోర్డు ఉంది. మా వృత్తిలో దీన్ని బాగా గుర్తుపడతాం: కోడ్ మారిపోయింది, డాక్యుమెంటేషన్ అలాగే ఉండిపోయింది.

బాటని వయ్యారిభామ, లాంటానా ఆక్రమించేశాయి. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఉత్తరేణి గింజలు ప్యాంటుకి మోకాళ్ళ దాకా అంటుకున్నాయి. వానలు అప్పుడే వెనకబట్టాయి కాబట్టి ప్రతి రెండు చెట్ల మధ్యా సాలెగూడు, ముందు ఒక పుల్ల ఊపుకుంటూ పోవాలి. బండల సందుల్లో సీతాఫలం చెట్లు, కాయల కళ్ళు అప్పుడప్పుడే విచ్చుతున్నాయి. రాలిన ఆకు ఒక్కటీ లేదు. ఎటు చూసినా ఆకుపచ్చ, దాని మీద తంగేడు పసుపు, దాని కింద గునుగు. గునుగు కంకి కింద తెలుపు, కొసన గులాబీ. ఎండ పక్కనుంచి పడితే వెండిలా మెరుస్తుంది.

గునుగు కోస్తూ ఇద్దరు ఆడవాళ్ళు ఎదురయ్యారు. చేతుల్లో కొడవళ్ళు, చీర చెంగుల్లో కట్టలు. పెద్దామె నన్ను చూసి, "ఏం సారూ, తొవ్వ తప్పినవా?" అంది.

"లేదమ్మా, ఊరికే నడుస్తున్నా."

"ఊకెనే నడుస్తున్నవా?" అని రెండోఆమె వైపు చూసి నవ్వింది. "పురుగు బూశి ఉంటది, పైలం."

బతుకమ్మకి పూలు. ఆ కంకుల్ని ఇంటికి తీసుకెళ్ళి కొన్నిటికి రంగులద్ది, తంగేడుతో కలిపి వరసలు పేరుస్తారు. రైతుకి గునుగు కలుపు మొక్క. చేలో కనపడితే పీకేస్తాడు. అదే మొక్క ఆ తొమ్మిది రోజులూ గౌరమ్మ పక్కన కూర్చుంటుంది.

"ఆటమ్నల్ టింట్స్"లో ఊదారంగు గడ్డి మీద థోరో రాసిన భాగం ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. ఇసక నేలలో పెరిగే సన్నని గడ్డి, రైతు దాన్ని కోయడు, పశువుల మేతకి పనికిరాదనుకుంటాడు. నడిచేవాడికి మాత్రం అదే పంట అంటాడు థోరో. గడ్డిని అంత ప్రేమగా చూసిన పేజీలు నేను చదివినవాటిలో తక్కువ. కానీ నాకు కనిపించిన తేడా ఒకటుంది. కాంకర్డ్‌లో ఆ గడ్డిని చూసింది ఒక్కడు, అదీ నేర్చుకుని. ఇక్కడ గునుగుని ఊరు ఊరంతా చూస్తుంది, ఏ వ్యాసమూ చదవకుండా. స్కార్లెట్ ఓక్ భాగంలో థోరో అనే మాట ఒకటుంది: వస్తువు కంటి ముందు లేక కాదు, మన మనసు దాని వైపు తిరగక మనకి కనిపించదని. ఒక సమాజం మనసుని ఏడాదికోసారి ఒక కలుపు మొక్క వైపు తిప్పే ఏర్పాటు బతుకమ్మ. మన శరత్తు మీద ఎవరైనా వ్యాసం రాయాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడ.

ఎవరి పాడుబాట?

ఇక్కడిదాకా థోరోతో బాగానే నడిచాను. ఇక పేచీ.

ఆ ఆడవాళ్ళ నవ్వులో ఒక విమర్శ ఉంది. ఊరికే నడవడం అనేది వాళ్ళ లెక్కలో పని కాదు, విశ్రాంతీ కాదు. రోజుకి కనీసం నాలుగు గంటలు నడవకపోతే ఆరోగ్యం నిలబడదని "వాకింగ్" అంటుంది. ఆ నాలుగు గంటలు ఎవరి దగ్గరున్నాయి? ఇంట్లోనే ఉండిపోయే స్త్రీలు ఎలా భరిస్తున్నారో అని థోరో ఒకచోట ఆశ్చర్యపోతాడు. ఆశ్చర్యపోయి, ముందుకి నడుస్తాడు. ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే వ్యాసం ఇంకోలా ఉండేది. నాతోపాటు పనిచేసే ఒకమ్మాయికి నడకంటే నాకన్నా ఇష్టం. ఆ ట్రెయిల్ ఫొటోలు చూపిస్తే ఆమె మొదట అడిగింది, "అక్కడ మనుషులు తిరుగుతుంటారా?" అని. జనం లేని దారి నాకు ఏకాంతం. ఆమెకి అది లెక్క వేసుకోవాల్సిన విషయం. పాడుబడ్డం అందరికీ ఒకేలా అందంగా ఉండదు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టే చోటు ఒకటుంది. అడవితనాన్ని అంతగా పొగిడిన వ్యాసంలోనే, మూలవాసుల స్థానంలోకి రైతు వచ్చాడంటే అది నేలని బాగుచేయగలిగినందువల్లే అన్న అర్థం వచ్చే మాట ఉంది. పడమటికి సాగిపోయే అమెరికాని చూసి పొంగిపోవడం ఉంది. కంచెల్ని తిట్టిన మనిషి, ఆ కంచెలకి ముందు అక్కడ ఎవరు నడిచారనేది సగమే అడిగాడు. రామచంద్ర గుహ 1989లో అమెరికన్ పర్యావరణ ఆలోచన మీద రాసిన వ్యాసం, విలియం క్రోనన్ 1995లో "వైల్డర్‌నెస్" అన్న భావన మీదే రాసిన వ్యాసం తర్వాత థోరోని అమాయకంగా చదవడం కుదరదు. మనిషి లేని అడవి అనేది తరచూ మనుషుల్ని తీసేసిన అడవి.

ఈ ఇబ్బందిని థోరోకన్నా నిజాయితీగా మోసిన పుస్తకం తెలుగులో మనకి చాలాకాలంగా అందుబాటులో ఉంది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ "ఆరణ్యక్", సూరంపూడి సీతారాం అనువాదంలో "వనవాసి". కలకత్తాలో ఉద్యోగం లేని సత్యచరణ్‌కి బీహార్ అడవుల్లో ఒక ఎస్టేటు మేనేజర్ పని దొరుకుతుంది. పని ఏంటంటే ఆ అడవిని రైతులకి కౌలుకివ్వడం, అంటే కొట్టించడం. వెన్నెల్లో గుర్రమెక్కి తిరుగుతూ ఆ అడవిని ప్రేమిస్తాడు. పగలు కాగితాల మీద దాన్ని ముక్కలు చేస్తాడు. సర్వేయర్ థోరో తన బతుకులో దాచిన వైరుధ్యం ఇక్కడ నవలకి నడుం. సత్యచరణ్ తనని తాను క్షమించుకోడు. చెట్లు పడిపోయాక వనదేవతల్ని క్షమాపణ అడగడమొక్కటే మిగులుతుంది. ఇంకా ముఖ్యం, ఈ అడవిలో మనుషులున్నారు. ఆకలితో ఉన్నవాళ్ళు, నాట్యం నేర్చుకోవాలని ఊరూరా తిరిగే ధాతురియా, రాజ్యం పోయినా రాజుగానే ఉన్న దొబ్రూ పన్నా. భూమి కావాల్సినవాళ్ళు దుర్మార్గులు కారు, వాళ్ళకి అన్నం కావాలి. థోరో వ్యాసం ఎక్కడా ఇంత బరువెత్తదు.

అందులో యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. లాభం లేదు, జీతం లేదు, ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ గింజలూ తెచ్చి సరస్వతీ కుండం చుట్టూ అడవిలో నాటుతుంటాడు. చదివినవాళ్ళందరికీ నచ్చే పాత్ర. నాకూ ఇష్టం. కానీ ఆ ట్రెయిల్‌లో లాంటానా పొదల మధ్య నడుస్తుంటే అతని మీద ఒక అనుమానం వచ్చింది. లాంటానా కూడా ఇలాగే వచ్చింది. 19వ శతాబ్దంలో అందమైన తోటమొక్క అని ఎవరో తెచ్చి నాటారు. ఇవాళ దేశంలో అడవి కింది నేలని ఎంత మింగిందో చూస్తున్నాం. యుగళప్రసాద్ చేసిన పనికీ ఆ తోటమాలి చేసిన పనికీ తేడా ఉద్దేశంలో లేదు, ఫలితంలో ఉంది. ఫలితం నాటినవాడికి కనపడదు. నవల ఈ ప్రశ్న అడగదు, 1930లలో అడిగే అవసరమూ కనపడి ఉండదు. మనం అడక్క తప్పదు. అందుకే "వదిలేస్తే ప్రకృతి తన పని తాను చూసుకుంటుంది" అన్న థోరో ధీమా మన బాటల దగ్గర పనిచేయదు. వదిలేస్తే వచ్చేది పాత అడవి కాదు, వయ్యారిభామ.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎవరూ పట్టించుకోని నేల అనేది మన ఊళ్ళలో ఎక్కువకాలం ఆ స్థితిలో ఉండదు. తెలంగాణలో కంచ అంటే దున్నకుండా పశువుల మేతకి వదిలిన నేల. రెవెన్యూ భాషలో అలాంటిది బంజరు, బీడు, పోరంబోకు అయిపోతుంది. పనికిరానిది అని ఒకసారి పేరుపడ్డాక ప్లాటు కావడం కాగితాల పనే. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద జరిగిన గొడవలో, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనేదాకా నడిచిన బుల్‌డోజర్ల వెనక, ఒక భాషా సమస్య కూడా ఉంది: అది అడవా, తుప్పలా? ఒక నేలని ఏ మాటతో పిలుస్తామన్నది దాని ఆయుష్షుని నిర్ణయిస్తుంది. సాహిత్యం చదివేవాళ్ళకి ఇందులో పని లేదనుకోను.

ఆగిన చోట

తెలుగులో శరత్తు, అడవి, వదిలేసిన బాట మూడూ కలిసే చోటు ఒకటుంది. అది మన మొదటి పుస్తకంలోనే ఉంది.

నన్నయ భారతం అరణ్యపర్వంలో ఆగిపోయింది. ఆగిన చోట ఉన్నది శారదరాత్రుల వర్ణన. ఆయన చివరి పద్యం అదేనని సంప్రదాయం. నక్షత్రాలు, కలువల వాసన మోసే గాలి, ఆకాశమంతా పరుచుకున్న వెన్నెల. ఒక్క ఆకు రాలదు అందులో. అరణ్యపర్వంలో, శరత్తులో, రాత్రి పూట బాట ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశాడు గానీ ఆ మిగిలిన ముక్క జోలికి పోలేదు. 14వ శతాబ్దం దాకా ఆ భాగం అలా ఖాళీగా ఉండిపోయింది. తర్వాత ఎఱ్ఱన వచ్చాడు. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎఱ్ఱన అదే శరత్తులో తెల్లవారడంతో అందుకున్నాడు. పైగా తన పేరు పైకి రాకుండా, నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడి పేరు మీదే ఆ భాగాన్ని పూర్తిచేశాడు. మా భాషలో చెప్పాలంటే, వేరేవాడు వదిలేసిన రిపోలో పనిచేసి ఆథర్ పేరు అలాగే ఉంచాడు. ఓపెన్ సోర్స్‌లో ఇంత వినయం నేనింకా చూడలేదు.

ఈ కథని సాధారణంగా శైలి చర్చగా చదువుతాం: అతుకు కనపడుతుందా లేదా, నన్నయ పోకడ ఎక్కడ ఆగింది, ఎఱ్ఱన పోకడ ఎక్కడ మొదలైంది అని. నాకిది పాడుబడ్డ బాటతో ఏం చేయాలన్న ప్రశ్నకి మూడు జవాబుల్లా కనిపిస్తుంది. థోరో బాట పాడుబడ్డం చూసి సంతోషిస్తాడు. తిక్కన దాన్ని తప్పించుకుని ముందుకి పోతాడు. ఎఱ్ఱన తిరిగి ఆ చోటికే వచ్చి, ఎక్కడ ఆగిందో చూసి, అప్పుడున్న ఋతువేదో గమనించి, అక్కణ్ణుంచి నడుస్తాడు. కొత్త బాట వేయడు. పాతదాన్ని చదును చేసి సిమెంటు పోయడు. తెల్లవారుస్తాడు, అంతే.

మొదటి జవాబు అందమైనది, కానీ వెనక మసాచుసెట్స్ లాంటి నేల, చేతిలో నాలుగు గంటలు ఉన్నవాడికే అది చెల్లుతుంది. రెండోది మనందరం రోజూ చేసేది. మూడోదే కష్టం, ఎందుకంటే అందులో ముందు చూడాలి. ఏ మొక్క ఇక్కడిది, ఏది వచ్చి పడింది, ఎవరు దీని వెంట నడుస్తున్నారు, దేనికోసం నడుస్తున్నారు. ఏది పీకాలి, ఏది ఉంచాలి. గునుగు కోసేవాళ్ళకి ఈ లెక్క తెలుసు. తుప్పుపట్టిన బోర్డులకి తెలియదు.

"వాకింగ్", "ఆటమ్నల్ టింట్స్" రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవండి. గడ్డి మీద భాగాన్ని రెండుసార్లు చదవండి, పద్యాన్ని ఒకసారి చాలు. తర్వాత "వనవాసి" చదవండి, అది ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు. వీటిని తెలుగులో చెప్పే పని ఎవరైనా పెట్టుకుంటే నా వైపు నుంచి రెండు విన్నపాలు. దారిని డొంక అనండి. ఋతువుని మాత్రం మన మాటల్లో దేనితోనూ కప్పెట్టొద్దు, "ఆటమ్" అనే ఉంచేయండి. పరాయిది పరాయిదిగా కనపడితే, మన శరత్తు ఎలా ఉంటుందో బయటికెళ్ళి చూసే పని మనకి మిగులుతుంది.